ఎదురింటి దండెం

బట్టల మిల్లులో ఆవిడని చుక్కలక్కయ్య అంటారు. ఇరవయ్యెనిమిదేళ్ల కిందట, చేరిన కొత్తలో ఆవిడ చుక్కల డిజైను వేసిన దుప్పటి విపరీతంగా అమ్ముడుపోయింది. తరవాత ఆకులు వేసింది, అలలు వేసింది, పక్షులు వేసింది. పేరు మాత్రం చుక్కల దగ్గరే ఆగిపోయింది. ఒకసారి అంటుకున్న పేరు ఉతికినా పోదు.

ఈ ఏడు ఆవిడ బుర్రలోంచి ఏమీ రాలేదు. పెద్ద యజమాని మంచాన పడ్డాక ఆ కుర్చీలో కూర్చున్న ఆయన కొడుకు, చిన్నాయన, కోపం లేకుండానే ఒక మాట చెప్పాడు. నెలాఖరుకి పరదాల గుడ్డకి కొత్త డిజైను ఒక్కటి కుదిరితే సరే. లేదంటే డిజైన్లు బయట తెచ్చుకుంటాం, మీరు మడతల విభాగంలో కూర్చుందురుగాని అన్నాడు. మడతల విభాగంలో గుడ్డ వంక చూసేది పొడుగు కొలవడానికీ, చిరుగులు వెతకడానికీ మాత్రమే. అక్కడికి పంపేస్తే ఇక తను పొద్దున్నే లేవడం దేనికో ఆవిడకి తోచలేదు.

అప్పట్నుంచీ వెతుకులాట. తుప్పు పట్టిన గేట్లు, పెచ్చులూడిన గోడలు, వాననీటి మడుగులో పెట్రోలు తేలితే వచ్చే రంగులు, అన్నీ చూసింది. అన్నీ ఎప్పుడో వేసేసినవే. రంగులు కలిపే మాస్టారు చూసి చూసి ఎగతాళి చేశాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది అక్కయ్యా మీ వ్యవహారం. మీ ఇంట్లో ఏముందో చూసుకున్నారా?"

ఇంట్లో ఏముంది? ఒక గది, ఒక బల్ల, ఒక కుర్చీ. వచ్చేవాళ్లుంటే కదా రెండో కుర్చీ. అమ్మ పోయాక ఆ మూడో అంతస్తుకి మారి ఏడేళ్లయింది. వీధి దుమ్ము తడి రంగు మీద వాలుతుందని కిటికీ రెక్కలు తెరవదు. ఆ ఆదివారం ఏమీ తోచక, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. అద్దంలోంచి ఎదురింటి వరండా, వరండాలో దండెం, దండెం మీద బట్టలు.

రోజూ కంటి ముందున్నదే, ఆ రోజే కనిపించింది. ఆరేసే ఇల్లాలికి ఒక వరస ఉంది. ముందు పెద్దాయన చొక్కాలు, తరవాత మొగుడివి, నడుమ దుప్పటి, చివర పిల్ల గౌన్లు. ఏవి ఎవరివో ఎవరూ చెప్పలేదు, బట్టల కొలతలు చూసి ఆవిడే ఆ ఇంట్లోవాళ్లకి వరసలు కలిపేసుకుంది. పెద్దాయన చొక్కా రెండు రోజులు కనపడకపోతే ఒంట్లో నలతేమో అనుకుంది. పిల్ల గౌనుకి కింద మడత విప్పి పొడుగు చేస్తే, అబ్బో, ఎదిగిందే అనుకుంది. పన్నెండు రోజులు ఆ దండేన్ని చారలుగా గీసింది. దుప్పటికి వెడల్పు చార, తువ్వాలుకి సన్నది, బట్టకీ బట్టకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత ఖాళీ.

చిన్నాయన ఆ కాగితాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు. చారలు ఎవరైనా గీస్తారు, ఈ ఛాయ ఎక్కడ పట్టారు అని అడిగాడు. ప్రతి రంగులోనూ పాత ఫొటోలో ఉండే వెచ్చదనం ఉంది. ఇదే ఛాయలో ఇంకో నాలుగు రంగులు రేపు పొద్దునకి ఇస్తే డిజైను ఖాయం చేస్తానన్నాడు.

ఆవిడ మధ్యాహ్నమే ఇంటికి పరిగెత్తింది. వాన. దండెం ఖాళీ. గుర్తున్న రంగులు కలిపి చూస్తే ఒక్కటీ నప్పలేదు. రంగు గుర్తుండటం వాసన గుర్తుండటం లాంటిదే, ఉన్నట్టే ఉంటుంది, చేతికి రాదు. ఇక లాభం లేదని గొడుగు తీసుకుంది.

ఎదురింటి మెట్లెక్కడం అదే మొదలు. తలుపు తీసిన ఆ ఇంటి కోడలి చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. సంగతంతా విని ముందు నవ్వింది, తరవాత అనుమానంగా చూసింది, చివరికి లోపలికి రమ్మని, బీరువాలోంచి బట్టలు తెచ్చి వరండా వెలుతురులో పరిచింది.

ఒక్కటీ ఆ రంగులో లేదు. ఎండుగడ్డి రంగనుకున్న చొక్కా నిమ్మపండు పసుపు. ఇటుక రంగు గౌను గులాబీ. నాచు రంగు దుప్పటి నీలం.

"ఎక్కణ్ణుంచి చూశారు పిన్నిగారూ?"

ఆవిడ చెయ్యి చాపి చూపించింది.

"ఆ గోధుమరంగు కిటికీయా? అక్కడ మీరుంటారా? ఎవరూ ఉండరనుకున్నామండీ. పాత సామాన్ల గదేమో అనుకున్నాం."

అప్పుడు చూసింది తన కిటికీని. ఎండ ఆపడానికి తనకంటే ముందు అద్దెకున్నవాళ్లు అద్దాల నిండా అంటించిన ప్లాస్టిక్ పొర, టీ డికాషను రంగులో. వచ్చిన కొత్తలో చూసే ఉంటుంది. కన్ను అలవాటుపడిపోయింది, అంతే. రంగు చూడాలంటే బయటి వెలుతురులోకి రండి అని మిల్లులో చేరిన ప్రతివాళ్లకీ చెప్పిన మనిషి తను. చిన్నాయనకి నచ్చిన ఛాయ ఈ బట్టలది కాదు, ఆ పొరది.

వాన తెరిపిచ్చింది. ఒక్క పావుగంట వీటిని దండెం మీద వేస్తావా తల్లీ అని అడిగింది. పొడిబట్టలు ఆరేయడం పుట్టి ఇదే చూడటం అని కోడలు నవ్వింది. మీరెళ్లండి, వేశాక చెయ్యి ఊపుతాను అంది.

ఆవిడ వగరుస్తూ వచ్చి పొర వెనక కూర్చునేసరికి బట్టలు వేసి ఉన్నాయి, తన రంగుల్లో. రెండు కలిపింది. కోడలు చెయ్యి ఊపింది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి మళ్లీ ఊపింది. పెద్దాయన కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏడేళ్లలో ఆ కిటికీ వంక ఎవరైనా చూడటం అదే మొదలు. రెక్క తెరిస్తే చాలు, తను కనిపిస్తుంది. కానీ తెరిస్తే పొర పక్కకి పోతుంది, ఇంకా రెండు రంగులున్నాయి, మబ్బు కమ్ముకొస్తోంది. కుంచె ఆపలేదు. నాలుగోది కుదిరాక రెక్క తెరిచింది. బట్టలు లేవు, మనుషులు లేరు, జల్లు పడుతోంది.

డిజైను ఖాయమైంది. ఆవిడ బల్ల ఆవిడకే ఉంది. అచ్చు వేసిన గుడ్డ ఒక మీటరు పట్టుకుని ఓ సాయంత్రం మళ్లీ ఆ మెట్లెక్కింది. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బావుంది గానీ, ఇందులో మావి ఏవండీ?"

ఆవిడ చార మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పింది. కోడలికి ఒక్కటీ ఆనవాలు దొరకలేదు.

"ఆ రోజు చెయ్యి ఊపీ ఊపీ భుజం లాగేసింది. మీరు లేరేమో అని మామయ్యగారు కూడా అన్నారు."

"ఉన్నానమ్మా."

"మరి కిటికీ తెరవచ్చుగా?"

"తెరిస్తే రంగు పోయేది."

కోడలు గుడ్డ మడత పెడుతూ, ఆదివారాలైనా తెరిచి ఉంచండి పిన్నిగారూ, ఉన్నారో లేరో మాకు తెలియాలిగా అంది. ఆవిడ సరేనంది. అదే ఛాయలో ఇంకో మూడు డిజైన్లు కావాలని చిన్నాయన ఆ పొద్దున్నే చెప్పిన సంగతి మాత్రం అనలేదు.