అత్తమ్మ పిడికిలి

ఈమధ్య నా భుజం పట్టేసిందని మనుమరాలు నన్ను నిజామాబాదులో ఫిజియోథెరపీకి తీసుకుపోయింది. నా వంతు ఇంకా రాలేదు. పక్క బల్ల మీద పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. ఎదురుగా ఉన్న అమ్మాయి ముందు ఆయన మణికట్టును లోపలికి వంచింది, తరువాత బొటనవేలిని పక్కకు తెచ్చింది, ఆ తరువాతే మిగతా వేళ్ళ జోలికి పోయింది. నా నోరు ఊరుకోలేదు. "మెల్లగ బిడ్డా, మెల్లగ" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "ఇది మీకు తెలుసా అమ్మమ్మా?" అంది. మా అత్తమ్మ చెయ్యి తెలుసు అన్నాను. ముసలమ్మ కథ మొదలుపెట్టబోతోందని మనుమరాలు భయంగా నా వైపు చూసింది. భయపడ్డట్టే అయింది.

నేను కోడలిగా వచ్చింది రెంజల్ దగ్గరి ఒక పల్లెకు. నిజాంసాగర్ నీళ్ళు కాలువల్లో పారుతున్న కొత్త రోజులవి. బోధన్ చుట్టుపక్కల ఏ ఇద్దరు కలిసినా చెరకు మాటలే. మా అత్తమ్మకు మాత్రం పంటంటే పసుపే. పసుపు ఉడికించే కాలంలో ఆ పెద్ద కడాయిల దగ్గర ఆమె నిలబడిందంటే, ఆమె సరే అనేదాకా మగవాళ్ళు కూడా మంట తగ్గించేవారు కాదు. ఆమె చేతులూ చీర అంచూ ఏడాది పొడుగునా పసుపు వాసన వేసేవి. నేను ముగ్గు వేస్తే గీత వంకర, పప్పు వండితే పలుచన, ఏమీ చేయకపోతే "ఊకె నిలబడ్డవేందే" అని కేక. ఆమె ఎదుట నేను కూర్చున్నది లేదు. గోడకు ఆనుకునే జవాబు చెప్పేదాన్ని. ఆ గోడ మీద నా వీపు అచ్చు పడిందని మా మరిది వేళాకోళం చేసేవాడు.

అంతటి మనిషి ఒక పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటూ చేతిలో చెంబు వదిలేసి కూలబడింది. మూతి పక్కకు పోయింది, ఎడమ వైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. ప్రాణం దక్కింది. మాట ముద్దగా వచ్చేది కానీ తిట్లు మాత్రం అందరికీ అర్థమయ్యేవి. మొదట్లో వేలాడిన చెయ్యి వారాలు గడిచేకొద్దీ బిగియసాగింది. మోచేయి ఛాతీకి అంటుకుంది, వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నాయి. చూడవచ్చినవాళ్ళు చేతికి బలం వస్తున్నదని సంతోషించారు. మా బావగారు కోడెలను ఒంటిచేత్తో ఆపే మనిషి. తల్లి మీద ప్రేమతోనే ఆ పిడికిలిని రెండు చేతులా పట్టి లాగాడు. లాగినకొద్దీ అది బిగిసింది. అత్తమ్మ పెట్టిన కేకకు దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆ రోజు నుంచి ఆమె ఆ చేతిని కొంగు కింద దాచుకుంది, ఎవరినీ ముట్టనివ్వలేదు.

కొన్నాళ్ళకు వాసన మొదలైంది. ఒళ్ళు తుడిచేది నేనే కాబట్టి నాకే ముందు తెలిసింది. పెరిగిన గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, గడపకు చెబుతున్నట్టు మామయ్యకు చెప్పాను. ఆయన వెంటనే కచ్చడం బండి కట్టించాడు. అత్తమ్మను తీసుకుని మామయ్య, బావగారు, నేను బోధన్ దాకా ఎడ్ల మీద, అక్కడి నుంచి మోటారులో నిజామాబాదు సర్కారు దవాఖానాకు పోయాం.

డాక్టరు సాబు చెయ్యి చూసి, "దీనికి గోలీ లేదు పటేలా, సబర్ కావాలె, ఓపిక పట్టాలె" అని నర్సమ్మను పిలిచాడు. ఆమె అప్పట్లో మద్రాసు కింద ఉన్న కోస్తా వైపు మనిషి. "లాగేరంటే ఇంకా బిగుసుకుంటుందండీ" అంటూ అత్తమ్మ చేతిని గోరువెచ్చని నీళ్ళలో ఉంచింది. ఆ చేతికి వేడి సరిగ్గా తెలియదు గనుక నీళ్ళను మీ చేత్తో చూసుకోండని నాకు చెప్పింది. తరువాత మణికట్టును లోపలికి వంచింది. వేళ్ళు వాటంతట అవే కొంచెం వదులయ్యాయి. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటే వచ్చాయి. లోపల అరచెయ్యి నానిన బియ్యంలా తెల్లగా ఉంది. బావగారు ముఖం తిప్పుకున్నాడు. నర్సమ్మ పుండు కడిగి, గోళ్ళు తీసి, మెత్తటి గుడ్డచుట్టను పిడికిట్లో పెట్టి, "ఇది రోజూ చెయ్యాలి. ఎవరు చేస్తారు?" అంది.

అత్తమ్మే తల తిప్పి నన్ను చూసింది. "గీమె సేస్తది" అంది.

ఇంటికొచ్చాక రోజూ ఎండెక్కగానే ఇత్తడి బేసిన్లో నీళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. నిలబడి చేసే పని కాదు కదా. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకోవాలి. మొదట ఇద్దరికీ ఎటు చూడాలో తెలిసేది కాదు. ఆమె గోడను చూసేది, నేను బేసినును చూసేదాన్ని. ఒకనాడు వేళ్ళు ఎంతకూ రాకపోతే ఆమె నిట్టూర్చి, "ఇన్నేండ్లల్ల గీ ఇంట్ల నా మాట ఇననిది గిదొక్కటే" అంది. నాకు నవ్వు ఆగలేదు. తిడుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకున్నాను. వంకర మూతితో ఆమె కూడా నవ్వుతోంది. ఆ తరువాత మాటలు మొదలయ్యాయి. తాను కాపురానికొచ్చిన కొత్తలో అటక మీద దాక్కుని ఏడ్చిన సంగతి నాకే మొదట చెప్పింది.

చలికాలం రాగానే చెయ్యి మళ్ళీ బిగుసుకుంది. ఒకరోజు అత్తమ్మ కోపంతో బేసిను తన్నేసింది. "సాలు తీయ్. నేను సస్తే నీకు గీ పీడ పోతది" అంది. తడిసిన చీరతో లేచి నిలబడ్డాను. అంతకు ముందెప్పుడూ ఆమెకు ఎదురు చెప్పలేదు. "నువ్వు సస్తే నాకు పసుపు ఉడికిచ్చుడు ఎవలు నేర్పుతరు అత్తమ్మా? చెయ్యి ఇటియ్యి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

పసుపు తవ్వకాలు వచ్చేనాటికి పుండు మాని చాలా కాలమైంది. వేళ్ళు పూర్తిగా చాచలేకపోయినా అరచెయ్యి తెరుచుకునేది. ఒక పొద్దున నేను బావి నుంచి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని తానే వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎడమ అరచేతితో పరాతు పళ్ళేన్ని కదలకుండా అదిమి పట్టుకుని, కుడిచేత్తో జొన్నరొట్టె తడుతోంది. రొట్టె ఒక పక్కకు సాగి, ఎద్దు నాలుకలా తయారైంది. ఇంట్లో మగవాళ్ళు వరసగా వచ్చి నిలబడ్డారు. బావగారి కళ్ళు తడిశాయి. ఆమె తల ఎత్తకుండానే, "ఏందిరా సూస్తున్నరు? గుండ్రంగుంటనే కడుపుల పడ్తదా?" అంది. ఆ రొట్టెను అందరం తలా ఒక ముక్క తుంచుకుని తిన్నాం. మాడింది కూడా. ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆ చెయ్యి పాత చెయ్యి కాలేదు, చలికాలమల్లా మొండికేస్తూనే ఉండేది. బాగవడమంటే మునుపటిలా కావడమేనని ఆ వయసులో నేను అనుకునేదాన్ని. కాలం ఎవరినీ మునుపటి చోటికి తిరిగి తీసుకుపోదు. అది తీసుకుపోయి దింపిన చోట కూడా పొద్దున్నే పొయ్యి వెలుగుతుందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.