పెద్దమ్మ సంతకం పెట్టని డబ్బాలు

మా పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగమూ అక్కడే. పాత నీళ్ల సీసాలు కరిగించి అన్నం డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో, ‘వీటిలో తిండి పెట్టుకోవచ్చు’ అనే హామీ పత్రం మీద సంతకం ఆమెదే. ఆ పత్రాలు టైపు చేసేది నేను.

సీసాలు అమ్మినవాళ్లు ఒక కాగితం ఇస్తారు, అన్నీ మంచినీళ్ల సీసాలేనని. పెద్దమ్మ అది చదివి, పక్కన పెట్టి, కొత్త డబ్బాలో గోరువెచ్చని నీళ్లు పోసి మూత బిగిస్తుంది. మర్నాడు మూత తీసి, వాసన పీల్చి, కళ్లు మూసుకుని, ఎటో వెళ్లిపోతుంది.

“ఇది చాలా ఎండలు చూసొచ్చిందే,” అంటుంది తిరిగొచ్చాక. ప్లాస్టిక్‌కు గత జన్మ గుర్తుంటుందని ఆమె నమ్మకం.

“దానికి పెళ్లయిందటా పెద్దమ్మా?” అని ఏడిపిస్తాను.

ఒక పొద్దున అలా మూసుకున్న కళ్లు ఎంతకీ తెరవలేదు. కిటికీలోంచి పలచని ఎండ చెంపల మీద పడుతోంది. తనలో తనే నవ్వుకుంటోంది.

“మీ పెదనాన్న గడ్డం గీసుకున్నాడే,” అంది.

ఆయన పోయి చాలా కాలమైంది. గడ్డం గీసుకున్నాక ఆయన రాసుకునే లోషన్ తయారీ కూడా ఆగిపోయింది. ఖాళీ సీసా అయినా దొరుకుతుందేమోనని పెద్దమ్మ తిరగని దుకాణం లేదు. ఎవరి అటక మీంచో దిగిన ఆ సీసాలు నీళ్ల సీసాల్లో కలిసిపోయినట్టున్నాయి. డబ్బా నా ముక్కు దగ్గర పెట్టింది. నిజమే, ఆయనే. నన్ను భుజాన ఎత్తుకుని గది గదీ తిప్పుతున్నట్టే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

యజమాని కూడా వాసన చూశాడు. “బాగానే ఉంది కదమ్మా. కంపు కొడితే అనుకోవాలి.”

“బాగుంది బాబూ. అదే తంటా. అన్నం అన్నం వాసనే రావాలి.”

ఆయన గొణుక్కుంటూనే సరుకంతా అమ్మినవాళ్లకు తిప్పి పంపమన్నాడు. పెదనాన్న సంగతి నేను చెప్పాక, “ఒకటి ఇంటికి తీసుకెళ్లండమ్మా,” అన్నాడు, పాపం.

పెద్దమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తీసుకెళ్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది. చివరికి మూత పెట్టి నా చేతికిచ్చింది.

“నేను పోయాక దీన్ని కడిగి పిల్లలకు అన్నం పెట్టేస్తారు మీరు. డబ్బా శుభ్రంగా ఉంది కదా అని.”

“పెట్టంలే పెద్దమ్మా.”

“రాసిస్తావా?”

రోజూ హామీలు టైపు చేసే నేను ఆ ఒక్కటీ రాసివ్వలేకపోయాను. డబ్బా తీసుకెళ్లి లారీలో మిగతావాటితో పెట్టి వచ్చాను.