చెల్లెలి స్వెటరుకు కొన్న ఉన్ని

యుద్ధం నడుస్తున్న రోజులు. నేను కుప్పంలో రైల్వే పనుల మీద ఓవర్సీయరుగా ఉండేవాణ్ణి. చెల్లెలు మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో ఉంది. అక్కడి వైద్యంలో సగం గాలే. రోగుల మంచాలు పగలూ రాత్రీ వరండాలోనే ఉంటాయి. నవంబరులో చూడబోతే ఆమె చేతివేళ్లు నీలంగా కనబడ్డాయి. స్వెటరు కావాలి. ఏ అంగడిలోనూ లేదు.

మా ఊరు పుంగనూరులో మిషను బడి మగపిల్లలకు కూడా అల్లిక నేర్పేది. మేజోడు అల్లేటప్పుడు మడమ దగ్గర మలుపు తిప్పడంలో నాకు మంచి పేరు. ఓవర్సీయరు చదువుకు పోయాక సూదులు ముట్టలేదు. సెలవు మీద ఇంటికొచ్చి వెతికితే తుప్పు పట్టి దొరికాయి. కిరసనాయిలు, గరుకు కాగితం, మళ్లీ కిరసనాయిలు. కుట్లు ఎక్కించడం చేతులు మరిచిపోలేదు. మొదటి వరుసలు మాత్రం వదులుగా, వల మాదిరిగా వచ్చాయి. విప్పి మళ్లీ మొదలుపెట్టాను.

ఉన్ని పుంగనూరు సంతలో పాతబట్టల వ్యాపారి దగ్గర దొరికింది. బూడిద రంగు ఉండలు.

"కొత్తదేనా?"

"కొత్తదే అప్పా, బెంగుళూరు సరుకు. నీకనే దాచిపెట్టినా."

అంతకుముందు నన్నెన్నడూ చూడని మనిషి నాకోసం దాచిపెట్టడం మొదటి అనుమానం. ఇంట్లో ఉండ విప్పితే రెండోది. కొత్త ఉన్ని తిన్నగా జారుతుంది. ఇది వంకీలు వంకీలుగా ఉంది, అన్నీ ఒకే కొలత. అంటే ఎవరో అల్లి, ఎవరో తొడిగి, ఇంకెవరో విప్పినది. కొన్నిచోట్ల పోగు సన్నబడింది. మోచేతులు ఆనిన చోటన్నమాట.

వెనక్కి పోయి అడిగాను.

"సరే అప్పా, పాతదే. కుప్పం రైల్వే దొరసాని ఊరిడిసి పోతా అమ్మింది."

"కుప్పంలో ఉండేది నేను. ఆడ దొరసాని ఎవరూ లేదు."

"అయితే ఇంకో ఊరి దొరసాని. చలికి ఏ ఊరైతే ఏమప్పా? వద్దంటే ఈడ పెట్టేసి పో. రేపటికి ఉండదు."

పెట్టలేదు. అనుమానంతోనే అల్లాను. ఆసుపత్రిలో చనిపోయినవాళ్ల ఉన్నిబట్టలు ఏమవుతాయి? కాల్చేస్తారంటారు. ఇంత కరువులో ఎవరు కాలుస్తారు? మరగబెట్టి అమ్మారా అంటే, మరిగిన ఉన్ని అట్టకట్టాలి. ఇది మెత్తగా ఉంది. వేడినీళ్లు తగల్లేదని తేలింది. ఆ తేలినది ధైర్యమిచ్చే సంగతి కాదు.

ముందు, వెనక, చేతులు అయ్యాయి. మెడ మిగిలి ఉండగా సెలవు అయిపోవచ్చింది. మదనపల్లె బస్సెక్కాను. తీరా ఆమె ముందు కూర్చున్నాక సంచి ఒళ్లోంచి తియ్యలేకపోయాను. ఆమే లాక్కుంది.

"ఇంత బాగుండాది, యాల దాస్తాండావు?"

వంకీలు, వ్యాపారి చెప్పిన రెండు కథలు, కాల్చడం, మరగబెట్టడం, అన్నీ వరుసగా చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది.

"నాకు ఉండేదే కదన్నా! కొత్తగా ఏమంటుకుంటాది? ఇంజనీరంట, ఇంజనీరు!"

ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"తెగిన కొసలు ఎట్ల కలిపినావు?"

జవాబు ఆమెకు తెలుసు. ఇద్దరిదీ ఒకే బడి. కొసలు నోట్లో పెట్టి తడిపి, అరచేతుల మధ్య నలిపితే ముడి లేకుండా కలుస్తాయి. ఆమె అతుకులు వేలితో తడుముతూ పోయింది. చాలా ఉన్నాయి. నేను అనుమానపడినంత సేపూ ఆమె గురించే అనుమానపడ్డాను, నా నోటి గురించి కాదు.

"సూదులు ఈడ పెట్టు. మెడ నేనల్లుకుంటా. నువ్వింక ముట్టద్దు."

"నిన్ను పని చెయ్యొద్దన్నారు కదమ్మా."

"పండుకోని సూదులాడిస్తే పనేందీ? నువ్వు పోయి డాక్టరమ్మకు రొమ్ము సూపించుకో. పో."

పోయాను. డాక్టరమ్మ వీపంతా గొట్టం పెట్టి విని, ఇప్పటికేమీ లేదు, వేసవిలో మళ్లీ ఒకసారి రమ్మంది. ఆ 'ఇప్పటికి' నాకు నచ్చలేదు.

వరండాకు తిరిగొచ్చేసరికి చెల్లెలు స్వెటరు ఒళ్లో పరుచుకుని మెడ కుట్లు ఎక్కిస్తోంది.

"ఏమనింది?"

"ఏమీ లేదనింది."

సూదులు ఆపి నా ముఖం చూసింది. తర్వాత అటుగా పోతున్న నర్సును కేకేసి, డాక్టరమ్మ అసలు ఏమన్నదో కనుక్కుని రమ్మంది.