రాజనర్సు షర్టు మీది నూగు

రాజనర్సు బతికున్నన్నాళ్లూ లింగవ్వకు తెల్లవారేది చీపురుతోనే. మరమగ్గాల మీద రాత్రి పాళీ దిగి వచ్చిన పెనిమిటిని గడప దాటనిచ్చేది కాదు. "దులుపుకొని రా! సాంచల కార్ఖానా మొత్తం నా ఇంట్లకే తెస్తవా?" అని గదమాయించేది. ఆయన నవ్వుతూ షర్టు విప్పి గల్లీలో దులిపేవాడు. తెల్లటి నూగు గాలికి లేచి మళ్లీ ఇంట్లోకే వచ్చేది. ఆమె తిట్టుకుంటూ ఊడ్చేది.

ఇప్పుడు, బతుకుదెరువుకు పరాయి రాష్ట్రం వచ్చి చేరిన లింబాయత్‌లోని ఆ ఒంటిగదిలో ఊడ్చడానికి పెద్దగా ఏమీ లేదు. నిరుడు ఆషాఢంలో కరోనా ఆయనను తీసుకుపోయింది. జ్వరంతో పని నుంచి వచ్చిన రోజు ఆయన దులుపుకోకుండానే షర్టు విప్పి పడుకున్నాడు. ఆ ఒక్కనాడు లింగవ్వ ఏమీ అనలేదు. ఆ షర్టును నూగుతోనే మడిచి సందుగలో దాచుకుంది.

కూతురు వినోద తెలుగు బడిలో టీచరు. బడి మూతపడ్డాక, వంటగట్టు మీద పప్పుడబ్బాకు ఫోను ఆనించి పిల్లలకు లైవ్‌లో సైన్సు ప్రయోగాలు చేసి చూపేది. కిందటి వారం ఊదే బుడగలు, సిర్కా, అదే వెనిగర్, తెచ్చుకోమంది. ఎవరిళ్లలోనూ లేవు. సగంమంది మధ్యలోనే వెళ్లిపోయారు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. అందుకే ఈసారి సాంచలు నడిపేవాళ్ల ఇళ్లలో తప్పక ఉండేదే చెప్పింది: "మీ బాపు షర్టు దులిపి జర నూగు తెచ్చుకోండ్రి. ఒక దువ్వెన. గంతే."

తమ ఇంట్లో నూగు లేదని లైవ్ మొదలయ్యాక గాని ఆమెకు తట్టలేదు.

ఫోనులో అందరూ గుప్పిళ్లు చూపిస్తున్నారు. వినోద చెయ్యి ఖాళీగా ఆగిపోయింది. తల్లి వైపు చూసి, అడగలేక, చూపు తిప్పుకుంది.

లింగవ్వ లేచి సందుగ తెరిచింది. షర్టును ఒకసారి గుండెకు హత్తుకుని, స్టీలు పళ్లెం మీద మెల్లగా దులిపింది.

"టీచర్, గా నూగు ఎవరిది? మీ ఇంట్ల సాంచ నడిపెటోళ్లు ఉన్నరా?" అని సంతోషి అనే చిన్నపిల్ల అడిగింది.

ఎప్పుడూ ఫోనుకు కనబడకుండా గోడ పక్కకు తప్పుకునే లింగవ్వ ముందుకు వంగింది.

"మా ఇంటాయనది బిడ్డా. పైలంగ చూడుండ్రి, ఎగిరిపోతది."

వినోద ఆ పొద్దు ప్రయోగం కోసమే తలకు నూనె పెట్టుకోలేదు. "గిట్ల జుట్టుకు రాస్తే దువ్వెనకు జర కరెంటు పడ్తది" అంటూ పొడిజుట్టును గబగబా దువ్వి, దువ్వెనను పళ్లెం దగ్గరికి తెచ్చింది. నూగు లేచి నిలబడింది. ఒక్కొక్క పోగే ఎగిరి దువ్వెనకు అతుక్కుంది.

"మాది గూడ ఎగిరింది టీచర్!"

"టీచర్, మా లొల్లికి బాపు నిద్రలకెళ్లి లేచిండు, తిడుతుండు!"

"తిట్టనియ్యి బిడ్డా," అంది లింగవ్వ నవ్వుతూ. "గా తిట్లు కూడ మంచిగనే ఉంటయి."

ఈసారి ఒక్కరూ మధ్యలో పోలేదు. లైవ్ అయిపోయేసరికి గట్టు మీద, గడప దగ్గర, నేలంతా నూగే. వినోద చీపురు అందుకుంది.

"ఉండనియ్యి," అంది లింగవ్వ. చీపురు తీసుకుని మూలకు ఆనించి, నూగు పడిన చోటు పక్కనే చాప పరుచుకుంది.