సాక్షి ప్లేటు

ప్రయోగశాలలో అందరూ ఆమెను ప్లేట్లక్క అంటారు. ఆ పిలుపు విన్న వీధివాళ్లు ఆమె ఏదో హోటల్లో అంట్లు తోముతుందనుకునేవారు. ఆమె కూడా పనిగట్టుకుని కాదనలేదు. ఆమె ప్లేట్లు అరచేతిలో ఇమిడే గుండ్రటి మూతల డబ్బాలు. వాటిలో నెత్తురు కలిపిన జెల్లీ పోసి, కడుపులో పుండ్లు పెట్టే బాక్టీరియాను పెంచడం ఆమె పని.

లోకంలో సగం మంది కడుపుల్లో కాపురం పెట్టిన క్రిమి అది. అక్కడి యాసిడ్‌ను పూచికపుల్లలా తీసిపారేస్తుంది. బయటికి తెస్తే మాత్రం కొత్త అల్లుడిలా గారాలు పోతుంది. నాలుగు రోజులు మామూలు గాలిలో ఉంచితే చాలు, గుటుక్కుమంటుంది. అందుకే ప్లేట్లను జాడీలో పేర్చి, ఒక చిన్న పొట్లం చింపి లోపల వేసి, మూత బిగించాలి. చింపిన పొట్లం జాడీలోని ఆక్సిజన్‌ను చాలావరకు పీల్చేస్తుంది. పీల్చేటప్పుడు వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం చేతికి తెలిశాకే జాడీలో వెయ్యాలని కొత్తగా చేరినవాళ్లకు ఆమే నేర్పేది.

ఈ క్రిమికి టీకా తయారుచెయ్యాలని పెద్ద డాక్టరమ్మ ఏళ్ల తరబడి తంటాలు పడుతోంది. ఎలుకలకు ఆవిడ తాగించే బాక్టీరియా పేరు మొండోడు. ఆ పేరు పెట్టింది ప్లేట్లక్క భర్త. అది ఆయన కడుపులోంచి తీసినదే.

ఆయన బస్సు డ్రైవరు. కడుపు మంటను గ్యాసని కొట్టిపారేసి, మాత్రలు చప్పరిస్తూ బండి లాగించాడు. కెమెరా గొట్టం దింపి చూసేసరికి పుండు కాస్తా క్యాన్సరై కూర్చుంది. పరీక్షకు తీసిన ముక్కలోంచి కాస్త బాక్టీరియాను ప్రయోగాలకు ఉంచుకోవచ్చా అని డాక్టరమ్మ అడిగితే ఆయన నవ్వాడు. "ఇన్నాళ్లూ అద్దె లేకుండా ఉన్నాడు మొండోడు. ఇకనైనా వాడికేదో పని చెప్పండమ్మా" అన్నాడు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు.

ప్లేట్లక్క ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. ఇప్పటికైనా ఏడుస్తుందేమోనని అత్తగారు రోజూ ఆమె ముఖంలోకి చూసేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"నా కొడుకును తిన్నదాన్ని ఎలా సాకుతున్నావే?"

"పని కదా అత్తయ్యా."

 ఆమెకు అన్నం రుచి తెలియదు, ఎండా చలీ తెలియదు. చేతులు మాత్రం వాటి పాటికవి పని చేసుకుపోయేవి. అదే కొంప ముంచింది.

టీకా వేసిన ఎలుకలకూ వెయ్యని ఎలుకలకూ మొండోణ్ణి తాగించారు. కొన్ని వారాలు ఆగి, వాటి కడుపు ముక్కలను నూరి ప్లేట్ల మీద రాసి, వేర్వేరుగా రెండు జాడీల్లో పెట్టారు. తెరిచిన రోజున టీకా వెయ్యనివాటి ప్లేట్ల నిండా మంచు బిందువుల్లాంటి చుక్కలు. వేసినవాటి ప్లేట్ల మీద ఒక్క చుక్క లేదు. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి పగలబడి నవ్వింది. పక్క గదులవాళ్లు వచ్చి చేతులు కలిపారు.

ప్లేట్లక్క కూడా సంతోషపడాలని చూసింది. సంతోషం రాలేదు. సరే, జాడీ అయినా కడుగుదామని టీకా వేసినవాటి జాడీలో అడుగున మిగిలిన ప్లేటు తీసింది. ప్రతి జాడీలోనూ అడుగున ఒక సాక్షి ప్లేటు పెట్టడం వాళ్ల అలవాటు. దాని మీద ఎలుకల ఊసే లేకుండా నేరుగా మొండోణ్ణే రాస్తారు. అది పెరిగితే జాడీ సరిగ్గా ఉన్నట్టు. ఇప్పుడా సాక్షి కూడా పెరగలేదు. పక్కనే పొట్లం, చింపకుండా పడి ఉంది.

మొండోణ్ణి చంపింది టీకా కాదు, గాలి. ఆ రోజు జాడీలో వేసేటప్పుడు చల్లటి పొట్లం చేత్తో పట్టుకుని కూడా ఆమెకు తేడా తెలియలేదు.

ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. పొట్లాన్ని జేబులో వేసుకుంటే ఆ గదిలో నవ్వులు అలాగే ఉండేవి. ఆ టీకాను నమ్ముకుని మరో డ్రైవరు మరో కడుపు మంటను గ్యాసనుకునేవాడు. ఆమె పొట్లాన్ని డాక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టింది.

"సాక్షి పెరగలేదమ్మా. పొట్లం చింపడం మర్చిపోయాను."

డాక్టరమ్మ రాసుకున్న ఫలితాన్ని కొట్టేసింది. తిట్టినా బాగుండేది. మళ్లీ మొదటినుంచి చేద్దామని మాత్రం అంది.

మళ్లీ ఎలుకలు, మళ్లీ టీకా, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. ఈసారి జాడీ తెరిచి ఆమె ముందుగా అడుగు ప్లేటే తీసింది. సాక్షి నిండుగా పెరిగింది. టీకా వేసిన ఎలుకల ప్లేట్లు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి గానీ కొన్నింటిలో చుక్కలు తేలాయి.

"తగ్గాడు గానీ పోలేదు" అని డాక్టరమ్మ నిట్టూర్చింది. "టీకాకు ఇంకా బలం కావాలి. నీ మొండోడు ఇంకొన్నాళ్లు మనతోనే ఉంటాడు, అక్కా."

టీకా గెలవాలనే ప్లేట్లక్క కోరిక. ఆయనలా ఇంకెవరూ పోకూడదు. అయినా ఆ మాట వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అలా నిలబడే, చేతిలో ప్లేటు పట్టుకునే ఏడ్చేసింది. డాక్టరమ్మ ఓదార్చబోయి ఆగి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె ముఖం కడుక్కుంది. మొండోణ్ణి కొత్త ప్లేట్ల మీద రాసి జాడీలో పేర్చింది. పొట్లం చింపి గుప్పిట్లో పట్టుకుని, వెచ్చదనం చేతికి తెలిశాక లోపల వేసి మూత బిగించింది.