వెనక చక్రాల జాడ

2022 వానాకాలం. తార్నాక నుంచి లాలాపేట్ వెళ్లే రోడ్డు మీద నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. మాది తెనాలి దగ్గర పల్లె అయినా, ఈ రోడ్డు మీదకొచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. పక్కనే విశ్వవిద్యాలయం కావడంతో ప్రొఫెసర్ల కార్లు, డిపార్ట్‌మెంట్ల బళ్లు నా దగ్గరికే వచ్చేవి. ఆ ఏడాదే కొత్త కంప్యూటర్ మెషిన్ కొన్నాను. దాన్ని చూసుకుని నాకు ఒళ్లు తెలియని గర్వం. ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది.

అలైన్‌మెంట్ అంటే బండి చక్రాలన్నీ ఒకే దిక్కుకు చూస్తున్నాయో లేదో కొలిచి సరిచేయడం. చక్రాల ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉంటే దాన్ని టో అంటాం. చక్రం నిలువుగా లేకుండా వాలి ఉంటే కాంబర్. చక్రాలకు హెడ్స్ అనే కొలత పరికరాలు తగిలిస్తే తెర మీద అంకెలొస్తాయి. తప్పయితే ఎర్రగా, సరిగ్గా ఉంటే ఆకుపచ్చగా కనిపిస్తాయి. హెడ్స్ నాలుగుంటాయి. కానీ పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ జీపుల్లో వెనక ఇరుసు ఒకటే గట్టి కడ్డీ, దాన్లో తిప్పి సరిచేయడానికి ఏమీ ఉండదు. సరిచేయలేనిదాన్ని కొలవడమెందుకని మా లైన్లో చాలామందిమి అలాంటి బళ్లకు ముందు రెండు చక్రాలకే హెడ్స్ తగిలించి పని కానిచ్చేసేవాళ్లం. నాకు పని నేర్పిన ఉస్తాద్ అలాగే చేసేవాడు. నేనూ అంతే.

ఆ జీపు రాళ్లూ మట్టీ గురించి చదివే డిపార్ట్‌మెంట్‌ది. పిల్లల్ని గుట్టలకూ క్వారీలకూ తీసుకెళ్లే బండి. దాని డ్రైవర్ యాదగిరి ఏజెన్సీ తరఫున కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే సీటు. క్యాంపస్‌లో అందరికీ జీపు యాదన్న. మాల వేసుకున్నా వేసుకోకపోయినా మందు ముట్టని మనిషి. ఒకరోజు పొద్దున్నే వచ్చి బండి ర్యాంపు ఎక్కించాడు.

"సేటు, బండి ఎడమ దిక్కు గుంజుతున్నది. బ్రేకు కొడితే ఇంకింత గుంజుతది. జర మంచిగ సూడు."

ముందు చక్రాలకు హెడ్స్ తగిలించాను. టో కొంచెం తప్పు ఉంది, సరిచేశాను. రోడ్డు మీద నడిపి చూస్తే, బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం కుడికి వంగి ఉంది. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే రాడ్డు తిప్పి దాన్నీ మధ్యకు తెచ్చాను. ఏ కస్టమరైనా ముందు చూసేది స్టీరింగ్ తిన్నగా ఉందా లేదా అనే. తెర మీద అంతా పచ్చగా ఉంది. యాదన్న తల ఊపి వెళ్లిపోయాడు.

రెండ్రోజులకే మళ్లీ వచ్చాడు. షాపు ముందు నలుగురైదుగురు కస్టమర్లున్నారు.

"సేటు, వాన పడ్డది గదా, హాస్టళ్ల ఎనక మట్టి బాట మీద నడిపి, దిగి సూసిన. ముందటి టైర్ల జాడల ఎనక టైర్లు పడ్తలేవు. రెండు వేళ్ల మందం కుడి దిక్కు పడ్తున్నయి. బండి అడ్డంగ నడుస్తున్నది."

నాకు నవ్వొచ్చింది. "యాదన్నా, ఇరవై రెండేళ్లు అదే సీట్లో కూర్చుని నీ నడుమే వంకర పోయింది. బండిదేం తప్పు లేదు," అన్నాను. కస్టమర్లంతా పకపకా నవ్వారు. నాకు నోటి దురుసు ఎక్కువ. పదిమంది ముందు మరీ ఎక్కువవుతుంది.

ఆయన నవ్వలేదు. "నీ మిషన్ ఎనక చక్రాలు సూసిందా మరి?" అని అడిగాడు.

"వెనక చూడ్డానికి ఏముంటుందన్నా? అది కంప్యూటర్. నీకూ నాకూ తెలియనిది కూడా దానికి తెలుసు."

ఆయన డిపార్ట్‌మెంట్ ఫైల్లో పెట్టడానికి ప్రింటు కావాలన్నాడు. తీసిచ్చాను. కింద 'అలైన్‌మెంట్ సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టి, షాపు ముద్ర కూడా వేశాను. ఆ కాగితం మీద వెనక చక్రాల గళ్లలో అంకెలు లేవు, అడ్డగీతలున్నాయి. అవెందుకున్నాయని ఎవరూ అడగలేదు.

పది రోజుల తర్వాత వికారాబాద్ వైపు ఫీల్డు ట్రిప్పుకు వెళ్తుంటే ప్రమాదం జరిగింది. సన్నగా వాన. రోడ్డు మీదకు బర్రె అడ్డం వస్తే యాదన్న బ్రేకు కొట్టాడు. బండి ఎడమకు తిరిగి రోడ్డు దిగి కందకంలో పడింది. సంధ్య అనే అమ్మాయికి మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. యాదన్న తాగి ఉన్నాడని సాయంత్రానికల్లా క్యాంపస్ అంతా పుకారు పుట్టింది. డిపార్ట్‌మెంట్‌లో విచారణ చేశారు. బండి ఎడమకు గుంజుతోందని యాదన్న చెప్పాడట. వాళ్లు ఫైలు తెరిచి నా కాగితం చూశారు. బండి బాగానే ఉందని మెకానిక్ సంతకం పెట్టి ఇచ్చాక, తప్పు నడిపినవాడిదే అవుతుంది కదా. రేపటి నుంచి రావద్దని చెప్పేశారు.

ఈ సంగతులన్నీ అక్కడి అటెండర్ తన స్కూటర్‌కు గాలి కొట్టించుకుంటూ చెప్పాడు. అయ్యో పాపం అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

విచారణ కోసమని జీపు రెండు నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. తర్వాత ముందు బంపర్, రేకులు బాగు చేయించి కొత్త డ్రైవర్‌తో నా దగ్గరికి పంపారు. ఆ డ్రైవర్ దిగుతూనే అన్నాడు: "అన్నా, ఎడమకు గుంజుతున్నది ఇది. బ్రేకు కొడితే మస్తు గుంజుతది."

అచ్చం అవే మాటలు. ఈసారి నాలుగు చక్రాలకూ నాలుగు హెడ్స్ తగిలించాను. ముందు రెండూ పచ్చగానే ఉన్నాయి. వెనకవి ఎర్రగా వచ్చాయి.

బండి కిందకు దూరాను. జీపు వెనక ఇరుసును రెండు పక్కలా కమాను కట్టలు మోస్తాయి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. ఇరుసు వాటి మీద ముందుకూ వెనక్కూ జరగకుండా మధ్యలో ఒక బోల్టు ఉంటుంది. సెంటర్ బోల్ట్ అంటాం. కుడి పక్క ఆ బోల్టు తెగి ఉంది. అది తెగితే ఆ పక్క ఇరుసు వెనక్కి జరిగిపోతుంది. బ్రేకు కొడితే ఇంకా జరుగుతుంది, బండి మూతి ఎడమకు తిరుగుతుంది. వెనక టైర్ల జాడ కుడి పక్కన పడుతుంది. యాదన్న మట్టి బాట మీద చూసింది అదే. నేను రాడ్డు తిప్పి స్టీరింగ్ తిన్నగా చేశానే, ఆ పనితో రోగాన్ని కప్పిపెట్టాను.

ప్రమాదంలో తెగిందేమో అని మనసు ఒక సాకు వెతికింది. కానీ ఇరుసు కూర్చునే చోట అటూ ఇటూ జరిగి జరిగి రుద్దుకున్న అరుగుదల ఉంది, అద్దంలా మెరుస్తూ. షెడ్డులో నిలబడ్డ బండికి అలా అరగదు. ఆ బోల్టు ఎప్పుడో తెగిపోయి ఉంది. నేను సంతకం పెట్టిన రోజు కూడా తెగే ఉంది.

బోల్టు ముక్కలు జేబులో వేసుకుని డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను. తప్పు నాదేనని, రాసిస్తానని అన్నాను. ఆవిడ ఫైలు తెప్పించి, నా కాగితం తీసి ఆ ముక్కల పక్కన పెట్టారు.

"మీరిచ్చిన కాగితం నమ్మే కదండీ మేం ఆయన మాట నమ్మలేదు," అన్నారు.

అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఆవిడ మంచి మనిషి, పై ఆఫీసుకు పంపారు, ఏజెన్సీ వాళ్లతోనూ మాట్లాడారు. ఆ చోట్లో కొత్త మనిషి వచ్చేశాడు, ఇప్పుడు ఖాళీ లేదన్నారు వాళ్లు. నా ఉత్తరం పాత కాగితం పక్కనే ఫైల్లో చేరింది.

జీపుకు కొత్త బోల్టు వేసి, ఇరుసు సరిగా కూర్చోబెట్టి, నాలుగు చక్రాలూ కొలిచాను. తర్వాత యాదన్న చెప్పిన మట్టి బాట మీదకు నేనే తీసుకెళ్లాను. దిగి చూశాను. ముందు జాడలోనే వెనక జాడ పడింది.

లాలాపేట్‌లో యాదన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఓ ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేసే పనిలో కుదిరాడని ఆయన భార్య లక్ష్మమ్మ చెప్పింది. "ఇద్యానగర్ల మా ఆడబిడ్డ ఇంటికి పోవాల్నంటే క్యాంపస్‌ల నుంచి పోతలేడు అన్నా. సుట్టు తిరిగి పోతున్నడు. పోరగాళ్లు గుర్తు వడ్తరని," అంది. కాసేపటికి ఆయనొచ్చాడు. సన్నబడ్డాడు. నేను బోల్టు ముక్కలు చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. తిట్టమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని కూడా అన్నాను.

ఆయన తిట్టలేదు. తెగిన రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిజం జెప్తున్న సేటు. నీ కాయితం సూసినంక నాదే తప్పనుకున్న. బండి గుంజలే, నా చెయ్యే గుంజింది అనుకున్న. ఆ పిల్ల చెయ్యి నేనే ఇరగ్గొట్టిన అనుకున్న. ఇన్ని దినాలు గదే అనుకున్న."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయనే అడిగాడు. "ఇప్పుడు జాడల పడ్తున్నదా?"

"పడుతోందన్నా. నేనే చూశాను."

"గంతే సాలు. పిల్లలు కూసుంటరు దాంట్ల." తర్వాత నెమ్మదిగా, "ఇది ఆ సంధ్య బిడ్డకు సూపెట్టొచ్చునా?" అన్నాడు.

సోమవారం ఆయన్ని నా బండి మీద డిపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్లాను. కరోనా వల్ల ఆలస్యమైన ఆ బ్యాచ్ కోర్సు అప్పటికే అయిపోయి, పిల్లలంతా వెళ్లిపోయారు. సంధ్య ఎక్కడుందో అక్కడ ఎవరికీ తెలియదు. యాదన్న షెడ్డులో జీపు దగ్గర కాసేపు నిలబడి, బోల్టు జేబులో వేసుకుని ఇంటికి పోదామన్నాడు.

ఇప్పుడు ఏ బండి వచ్చినా నాలుగు హెడ్సూ తగిలిస్తాను. అంతకన్నా ముందు, నడిపే మనిషి చెప్పేదంతా అడ్డురాకుండా వింటాను. చూడనిదాని కింద సంతకం పెట్టను. ఈ మాత్రం నేర్చుకోవడానికి యాదన్న బతుకు ఖర్చయింది. మొన్న దసరాకు ఆయన షాపుకొస్తే నా కారు తాళాలు ఇచ్చి, రోడ్డు చివరిదాకా నడిపి చూడమన్నాను. తాళాలు తీసుకున్నాడు, కారు దాకా వెళ్లాడు, తలుపు తీసి నిలబడ్డాడు. వెనక్కొచ్చి తాళాలు బల్ల మీద పెట్టాడు.

"వద్దు సేటు," అన్నాడు. "చెయ్యి వణుకుతున్నది."