మా మేనత్త పాట ఆమెది కాదంట

నాకు కోపం జల్ది వస్తది. మా ఇంట్ల అందరికి ఎరుకే. వచ్చినంత జల్దీ పోతది గూడ. కానీ గీ కోపం మాత్రం వచ్చి కూసున్నది, లేస్తలేదు.

నేను కరీంనగర్ల దుకాణాలకు, బడులకు వెబ్‌సైట్లు చేసిస్త. అది బతుకుదెరువు. నాకోసమని ఒక చిన్న బ్లాగు నడుపుకుంట. దాంట్ల పెద్ద సంగతులేం ఉండయి. బస్టాండుకాడ వానకు తడిసిన ఆటోల ఫొటో, యాడనో విన్న పాట, ఫొటోల సైజు తగ్గించే ఉపాయం. మంచిది ఏది దొరికినా నలుగురికి చూపెట్టకపోతే నాకు అన్నం సయించదు. చూసేటోళ్లు ఎక్కువ లేరు గానీ ఉన్నోళ్లు మంచోళ్లు. నాకు ఒక్కటే పట్టింపు. ఎవ్వలిది వాళ్లదని కింద రాయాలె. ఫొటో ఎవ్వలు తీసిండ్లు, పాట ఎవ్వలు పాడిండ్లు, ఉపాయం ఎవ్వలు చెప్పిండ్లు. తెల్వకుంటే తెల్వదని రాస్త. దానికి పెద్ద చదువు అక్కరలేదు, జరంత సిగ్గుంటే చాలు.

మా మేనత్తది ఖానాపూర్. మామ దుబాయిల పని చేస్తడు. బతుకమ్మ ఆడేటప్పుడు వాళ్ల వాడకట్టుల పాట ఎత్తుకునేది అత్తనే. ఆమె ఒక వరుస పాడితే మిగిలిన ఆడోళ్లు చప్పట్లు కొట్టుకుంట అదే వరుస అందుకుంటరు. పాత పాటలు అయిపోయినంక ఆ యేడు జరిగిన ముచ్చట్లే పాటగట్టి పాడుతది. బోరు ఎండిపోయినా పాటనే, కోతులు మక్కచేను ఆగం జేసినా పాటనే. యాడ రాసుకోదు. నోటికి ఎట్లొస్తే అట్ల.

ఒక యేడు మామ మీద కట్టింది. వాళ్ల ఇంట్ల సిగ్నల్ అందదు. దుబాయికెళ్లి ఫోన్ వచ్చిందంటే మిద్దె మీదికి ఉరకాలె. అక్కడ ఎండబోసిన మక్కల నడుమ నిలబడి హలో హలో అని ఒర్లాలె. గదే పాట చేసింది:

మిద్దెక్కి నిలబడితి ఉయ్యాలో
సిగ్నలే రాకపాయె ఉయ్యాలో
నీ మాట సగమొచ్చె ఉయ్యాలో
నా మాట పోకపాయె ఉయ్యాలో

నేను పోయినప్పుడు ఆమెను అదే మిద్దె మీద కూసోవెట్టి ఫోన్ల వీడియో తీసిన. "అత్తా, బ్లాగుల పెట్టాల్నా?" అని అడిగిన. "పెట్టు బిడ్డా. కానీ మీ మామకు కనవడేటట్టు పెట్టు" అన్నది. పెట్టిన. కట్టింది, పాడింది మా అత్తనే అని కింద రాసిన. మామ సెలవు దొరికినప్పుడల్లా రూమోళ్లందరికి వినిపిస్తుండెనంట. "మీ అత్త ఫోన్ల ఎన్నడు గింత మంచిగ మాట్లాడలే" అని నాతోని నవ్విండు. మిద్దె మీదికెళ్లి సగం సగం పోయే మాటలు ఆ పాటల నిండుగ పోయినయి. అత్తకు గదే సంబురం. ఆమెకు ఇంకేం గావాలె?

పోయిన బతుకమ్మ ముందుగాల ఒక పాటల చానల్‌ల కొత్త వీడియో వచ్చింది. ప్రాజెక్టు కట్ట మీద లంగాఓణీలు కట్టిన పిల్లలు, పైన తిరిగే డ్రోను. మొదలు ఇనవడ్డది మా అత్త గొంతు! నా వీడియోలకెళ్లి కోసుకున్నదే. వెనుక పక్కింటి కుక్కర్ విజిల్ గూడ అట్లనే ఉన్నది. దొంగతనం చేసినోనికి గా విజిల్ తీసేసే ఓపిక గూడ లేకపాయె. ఆ తర్వాత డీజే దరువు, ఇంకో పిల్ల గొంతు. 'నీ మాట సగమొచ్చె' కాడ 'నీ మీద మనసాయె' అని పెట్టిండు. 'నా మాట పోకపాయె' కాడ 'నా కొంగు జారిపాయె' అని పెట్టిండు. మొగడు దూరమున్న మనిషి గోసను తీసుకపోయి కొంగు జారే పాట చేసిండు. థూ! కింద రచన చానల్ నడిపేటోని పేరే, బాణి వాని పేరే.

నా ఒళ్లు మండిపోయింది. గా వీడియో కింద ఉన్నదున్నట్టు రాసిన. తుడిపేసిండు. మల్ల రాసిన. నేను రాయకుండ బంద్ చేసిండు. సరే అని వీడియోల సైటోళ్లకు ఫిర్యాదు పెట్టిన. వాళ్ల జవాబు చూసి నా దిమాక్ ఖరాబైంది. గా పాట చానల్ పేరు మీద నమోదై ఉన్నదట, నా వీడియోల చప్పుడు దానితోని కలుస్తున్నదట, అందుకని నాదే తీసేసిండ్లట! మెషిను చూసి చెప్పిందంట. నీదని కాయితం చూపెట్టుమన్నరు. నోటితోని కట్టిన పాటకు కాయితం యాడికెళ్లి తేవాలె?

చానల్ నడిపేటోని నంబర్ పట్టుకొని ఫోన్ చేసిన. తియ్యగ మాట్లాడిండు.

"జానపదం గదా అక్కా. ఎవ్వల సొత్తు కాదు."

"ఎవ్వల సొత్తు కానిదానికి నీ పేరెందుకు పెట్టుకున్నవ్ రా?"

"పరేషాన్ గాకు అక్కా. మీ అత్త గొంతు గిప్పుడు ఊరూరా ఇనవడుతున్నది, సంతోషపడాలె" అన్నడు. నేను ఏం తిట్టిన్నో ఇక్కడ రాయ. తక్కువ మాత్రం తిట్టలే.

ఇంకో నాలుగు రోజులకు మామ ఫోన్ చేసిండు. "అత్త పాట ఒత్తితే ఏం వస్తలేదు బిడ్డా. రూమోళ్లు ఇంకోటేదో పెట్టుకొని ఎగురుతున్నరు. కొంగు జారుడేంది? మీ అత్త గట్ల పాడిందా?" అని అడిగిండు. పాడలే మామా, చానలోడు మార్చిండు అని చెప్పిన. అంత దూరమున్న మనిషికి గా అనుమానం పుట్టించినోన్ని ఏం జెయ్యాలె?

అత్తకు అంత చెప్పిన. ఆమె నవ్వింది. "నా నోట్లున్న పాటను వాడెట్ల ఎత్తుకపోతడు? ఫికర్ జెయ్యకు" అన్నది.

బతుకమ్మ నాడు నేను ఖానాపూర్ పోయిన. బడి ముందటి జాగల బతుకమ్మలు పెట్టి ఆడోళ్లంత చుట్టూ నిలబడ్డరు. మైకు డబ్బాలల్ల పాటలు మోగుతున్నయి, వానిది గూడ. నడుమల కరెంటు పోయింది. అత్త ముందుకొచ్చి తన పాట ఎత్తుకున్నది. నాకు పానం లేచొచ్చింది. మొదటి వరుసలు అందరు అందుకున్నరు. 'నీ మాట సగమొచ్చె' అని అత్త పాడింది. చుట్టూ ఉన్నోళ్లంత 'నీ మీద మనసాయె' అన్నరు.

అత్త ఆగింది. మల్ల ఎత్తుకున్నది. వాళ్లు మల్ల అట్లనే అన్నరు. వాడకట్టుకు కొత్తగ వచ్చిన కోడలు ఒకామె దగ్గరికొచ్చి, మంచిగనే, మెల్లగ, "పెద్దమ్మా, తప్పు పాడుతున్నవ్. మనసాయె అనాలె" అని చెప్పింది.

"గా పాట కట్టిందే ఆమె!" అని నేను అరిసిన. నలుగురు నవ్విండ్లు. "చానల్ పాటక్కా గది, చూడు" అని ఒకామె ఫోన్ తీసి చూపెట్టింది. వాని పేరు పెద్ద అక్షరాలల్ల ఉన్నది. నేను ఇంకా ఏదో అనబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకున్నది.

"ఊకో బిడ్డా, అందరు నా కోసం ఆగిండ్లు. గా ఫోన్ల ఎట్లున్నదో ఒక్కసారి పెట్టు. నేర్చుకుంట" అన్నది.